మాట వినని బిడ్డ

"మా పిల్లవాఁడు మాట వినఁడు" అను మొఱ లేని యిల్లు అరుదు. కాని వినకపోవుట వేఱు, వినఁబడకపోవుట వేఱు. ఈ భేదము నెఱుఁగక మేము మా రెండవ కుమారుని, ఏడేండ్లవానిని, ఒక సంవత్సరము దండించితిమి. బడిలో దిక్కులు చూచెడివాఁడు. ఇంట వెనుకనుండి పిలిచినఁ బలుకకుండెడివాఁడు. "పంతులుగారి బిడ్డకే చదువు రాలేదు" అని యిరుగుపొరుగువా రనఁగా సిగ్గుపడితిమే కాని, వాని చెవులను పరీక్షింపించవలెనని మాకుఁ దోఁచలేదు.

చెవి యనఁగా పైకిఁ గనఁబడు దొప్ప మాత్రమే కాదు. దొప్ప చేర్చిన శబ్దము అంగుళము పొడవుగల గొట్టమునఁ బోయి, కర్ణభేరి యను పలుచని పొరను కదలించును. దాని వెనుక గాలి నిండిన చిన్న గదిలో మూఁడెముకలు గొలుసువలె నున్నవి. ఆకారమునుబట్టి వానికి సుత్తి, దాగలి, అంకవన్నె యని పేర్లు. అంకవన్నె దేహమందలి యెముకలన్నిటిలో మిక్కిలి చిన్నది. సుమారు 3 మిల్లీమీటర్లు, బియ్యపుగింజలో సగము. అది నత్తగుల్లవలెఁ జుట్టుకొన్న లోపలిచెవి ద్వారమును తట్టఁగా, అందలి ద్రవము కదలును. ఆ కదలికను రోమకణములు గ్రహించి నాడిద్వారమున మెదడున కందించును. ఈ కణములు నశించినచో మరల మొలవవు.

నడిమి గదినుండి గొంతు వెనుకకు ఒక నాళము కలదు. పసివారిలో నది కుఱుచగా, అడ్డముగా నుండుటచేత, పడిశము పట్టినప్పుడు సరిగాఁ దెఱచుకొనక గదిలో నీరు నిలుచుట కలదు. నొప్పి లేకయే వినికిడి తగ్గును. మావానికి జరిగిన దిదియే.

వైద్యశాలలో, బయటి చప్పుడు చొరని గదిలో వానిని గూర్చుండఁబెట్టి, చెవులకు హెడ్‌ఫోనులు తగిలించి, శబ్దము వినఁబడఁగానే మీట నొక్కుమనిరి. 250 హెర్ట్జులు మొదలు 8000 వఱకు ఒక్కొక్క శ్రుతిని వినిపించుచు, వాఁడు వినఁగలిగిన అత్యల్పధ్వనిని పటమున గుర్తించిరి. పిమ్మట చెవివెనుక యెముకపై నొక చిన్న సాధనము నుంచి మరల పరీక్షించిరి. ఎముకద్వారా చక్కఁగా వినఁబడి, గాలిద్వారా తగ్గినచో దోషము బయటిచెవిలోనో నడిమిచెవిలోనో యున్నట్లు. రెండుదారులను సమముగాఁ దగ్గినచో లోపలిచెవిలోనో నాడిలోనో యున్నట్లు. సాధారణముగా బిడ్డలు 15 డెసిబెల్లుల లోపుననే వినవలయును. మావానికి గాలిద్వారా 35 కావలసివచ్చినది. ఎముకద్వారా లోపము లేదు. వైద్యులు పొరకు సన్నని గాటు పెట్టి, నీరు తీసి, చిన్న గొట్టము నమర్చిరి. ఇంటికి వచ్చిన రాత్రి వాఁడు, "అమ్మా, మన గడియారము చప్పుడు చేయునా?" అని యడిగెను. మాకు కన్నీరాగలేదు.

మీట నొక్కలేని శిశువులకును పరీక్ష కలదు. ఆరోగ్యముగల లోపలిచెవి శబ్దమునకు బదులుగా తానే సూక్ష్మధ్వని నిచ్చునని 1978లో డేవిడ్ కెంప్ అను శాస్త్రజ్ఞుఁడు కనుఁగొనెను. నిద్రించు శిశువు చెవిలో చిన్న సాధనము నుంచి దానిని వినవచ్చును. మొదటి నెలలో ఈ పరీక్ష, సందేహమున్నచో మూఁడవ నెలలోపల నిర్ణయము, ఆఱవ నెలలోపల చికిత్సయో వినికిడి సాధనమో యారంభము కావలెనని వైద్యులందురు. వినని బిడ్డకు మాటయు రాదు గదా!

చెవిలో కాఁగిన నూనె పోయకుఁడు. పిన్నీసులు, పుల్లలు పెట్టకుఁడు. చీము కాఱినను, పిలిచినఁ బలుకకున్నను, మాట ఆలస్యమైనను వైద్యునికిఁ జూపుఁడు. మేము ముందు దండించి, వెనుక పరీక్షింపించితిమి. మీ రట్లు చేయకుఁడు.