మీకు తెలుసా? ఉబ్బసమున్న యువకుని ఊపిరికి పొగ చేయు చేటు

వేసవిలో భూపాలపల్లి, మహబూబాబాదు అడవులలో గిరిజన కుటుంబములు కోసి కట్టలు గట్టు తునికాకే బీడీయై దేశమంతటను కాలుచున్నది. అది బీడీ పొగయైనను సిగరెట్టు పొగయైనను ఉబ్బసరోగి శ్వాసనాళములకు హాని తప్పదు. మానవుని ఊపిరితిత్తుల శక్తి 20, 25 ఏండ్ల నడుమ పరిపూర్ణత నొంది, పిమ్మట మెల్లగా తగ్గును. ఉబ్బసము గలవారిలో ఆ క్షీణత మరింత వడిగా సాగునని కోపెన్‌హాగెన్ నగరమున 15 ఏండ్లు నడచిన పరిశీలన 1998లో తేల్చినది. పొగత్రాగుట దానిని ఇంకను త్వరపఱచును.

అంతకన్న శోచనీయమైన సంగతి యొకటి కలదు. శ్వాసనాళముల వాపును అణచుటకు మనకున్న ప్రధానౌషధమైన ఇన్‌హేలరులోని స్టెరాయిడు, పొగత్రాగువారియందు తన ప్రభావమును చాలవఱకు కోల్పోవును. కావున, మందు పీల్చుచున్నను ఆయాసము తీరలేదని జనగామలోనో మఱొకచోటనో ఒక యువకుడు వాపోయినచో, దోషము మందునందు గాక అతని జేబులోని సిగరెట్టు పెట్టెయందే యుండవచ్చును. మృగశిర కార్తెనాడు ఉబ్బసమునకని ఇచ్చు చేపమందుకై హైదరాబాదునకు ప్రయాణమగు పట్టుదలను ఆ పెట్టెను విడుచుటయందు చూపిన నెంత మేలు! గ్లాస్గో వైద్యులు 2006లో ప్రకటించిన యొక చిన్న పరిశోధనలో, సిగరెట్టు మానిన ఉబ్బసరోగులు తొలి సెకనులో వెలికి ఊదగలుగు గాలి, మాననివారితో పోల్చగా, ఆఱు వారములకే సుమారు 400 మిల్లీలీటర్ల మేర మెఱుగుపడినది.