ఇల్లు పడగొట్టే ముందు పెట్టె తెరవండి
పాత దస్తావేజుల్లోనే వీధుల చరిత్ర

కడప: మిద్దె కురుస్తున్నదని, గోడ బీటలిచ్చిందని ఊళ్లలో పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకుంటున్నారు. కట్టుకోవలసిందే. కూలబోయే మిద్దె కింద ఎవరూ కాపురం చేయలేరు. అయితే ఇంటితో పాటు అటక మీది ట్రంకుపెట్టె కూడా ఖాళీ అవుతున్నది. అందులోని కాగితాలు కొన్ని పొయ్యిలోకి, కొన్ని పాత కాగితాలు కొనేవాడి తక్కెడలోకి పోతున్నాయి. ఆ ఇల్లు ఎవరు కట్టారో, ఆ వీధిలో ఒకప్పుడు ఎవరెవరు ఉండేవారో చెప్పే సాక్ష్యం ఆ కాగితాల్లోనే ఉన్నది.

రెండు వందల ఏళ్ల నాటి పని

ఊరి చరిత్ర రాసుకోవడం ఈ జిల్లాకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. ఆ తర్వాత సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఇక్కడి పల్లెలు తిరిగి కైఫియత్తులు సేకరించారు. మెకంజీకి ఈ దారి చూపినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. 1803లో ఆయన చనిపోగా తమ్ముడు లక్ష్మయ్య పని సాగించాడు. ఊరికి ఆ పేరెందుకు వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు అన్న సంగతులు వాటిలో ఉన్నాయి. చాలా సంగతులకు ఆధారం కరణాల ఇళ్లలోని దండకవిలెలే.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి పాత గ్రంథాలు సరిచూయించాడు. కాలక్రమాన ఆ బంగళా మొండిగోడలుగా మిగిలింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి వంటి వారు పట్టుబట్టి ఆ స్థలంలోనే గ్రంథాలయం వచ్చేలా చేశారు. నేడు అది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తున్నది. కడప జిల్లా కైఫియత్తులను అచ్చు వేయించింది కూడా ఈ కేంద్రమే. ఒక ఇంటి స్థలం ఎవరిదో గుర్తుపెట్టుకున్నందుకు జిల్లాకు దక్కిన ఫలం ఇది.

చెక్కుబందీ చెప్పే కథ

కైఫియత్తు ఊరి సంగతి చెబుతుంది గాని ఇంటి సంగతి చెప్పదు. ఇంటి సంగతికి దస్తావేజు చూడాలి. ప్రతి దస్తావేజులోనూ చెక్కుబందీ ఉంటుంది. తూర్పున ఎవరి ఇల్లు, దక్షిణాన ఏ రస్తా, పడమట ఎవరి దొడ్డి, ఉత్తరాన ఎవరి గోడ అని రాసి ఉంటుంది. ఒక ఇంటి కాగితం చూస్తే చుట్టుపక్కల వారి పేర్లు తెలుస్తాయి. పక్కింటి కాగితం కూడా తెచ్చి కలిపితే ఆ వరుస తెలుస్తుంది. పది ఇళ్ల వారు కూర్చుంటే తాతల నాటి వీధి పటం తయారవుతుంది. పూడిపోయిన బావి, మూసేసిన సందు కూడా అందులో బయటపడతాయి.

తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తాయి. ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు. ఫసలీ వేసి ఉంటే సులువు. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1330 అంటే 1920-21.

నూరు రూపాయల లోపు అమ్మకాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కనుక, పాత రోజుల్లో చిన్న ఇళ్లు చాలావరకు తెల్లకాగితం మీదనే చేతులు మారాయి. అలాంటి కాగితానికి రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరకదు. పెట్టెలోది పోతే పోయినట్టే.

గ్రామకంఠంలో ఇంటింటికీ విడిగా సర్వే నంబరు లేకపోవడం మరో చిక్కు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. దానితో ఏ గోడ ఎవరిదో నోటిమీద చెప్పగల మనిషి కూడా ఊరికి కరువయ్యాడు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో ఇళ్ల స్థలాలు కొలుస్తున్నారు. కొలత వస్తుంది, హద్దు వస్తుంది. ఆ ఇంటి పుట్టుక మాత్రం అందులో రాదు.

కాగితం లేని ఇళ్లు

దస్తావేజు లేనంత మాత్రాన చరిత్ర లేదనుకోరాదు. కూలినాలి చేసుకునే వారి వాడల్లో తరతరాలుగా కాగితమే లేదు. అక్కడ పెద్దల మాటే దస్తావేజు. ముఖ్యంగా ముసలమ్మలను అడగాలి. కోడలిగా వచ్చిననాడు ఇల్లు బోదదా, మిద్దెదా, చౌడు ఎక్కడి నుంచి మోశారు, జొన్న పాతర ఎక్కడ ఉండేది అన్నది వారికే గుర్తు. ఏ ఏడో చెప్పలేకపోయినా ఏ కరువుకు ముందో, ఎవరి పెళ్లికి తర్వాతో చెబుతారు. అది రాసుకుంటే చాలు.

నీళ్లపాలైన ఊళ్లు

ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఈ జిల్లా చూసింది. సోమశిల జలాశయం కింద పెన్న ఒడ్డు పల్లెలు మునిగాయి. 2020లో గండికోట జలాశయం నీటికి కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఖాళీ అయింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఒడ్డున పులపత్తూరు వంటి ఊళ్లలో ఇళ్లు కొట్టుకుపోయాయి. పునరావాస కాలనీలో పుట్టిన పిల్లవాడికి పాత ఊరి రచ్చబండ, బురుజు, గుడి వీధి ఎటు ఉండేవో చెప్పాలంటే పెద్దల జ్ఞాపకం, చేతిలో మిగిలిన కాగితం తప్ప వేరే దారి లేదు.

చేయవలసినవి

ఇల్లు పడగొట్టే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయాలి. తలవాకిలి, దూలాలు, గవాక్షి, దీపపు గూళ్లు విడివిడిగా తీయాలి. దూలం మీదో గడప మీదో తేదీ, పేరు చెక్కి ఉంటే దాన్ని దగ్గరగా తీయాలి. గోడలో అక్షరాల రాయి కనిపిస్తే సుత్తి వేయరాదు, సున్నం పూయరాదు. తెలుగులో తొలి శాసనాల్లో ఒకటైన కలమళ్ల శాసనం ఈ జిల్లా పల్లెలో దొరికిందే.

కాగితాలకు టేపు అంటించరాదు, లామినేషన్ చేయించరాదు. తడిసినవి నీడన ఆరబెట్టి నూలు గుడ్డలో చుట్టి పెట్టాలి. అతుక్కుపోయిన తాటాకులను బలవంతంగా విడదీయరాదు. వాటిని బ్రౌన్ కేంద్రం వారికి చూపి సలహా అడగవచ్చు.

అసలు దస్తావేజు ఎవరి చేతికీ ఇవ్వనవసరం లేదు, ఫోటో చాలు. భాగాల తగవులో ఉన్న ఇంటి కాగితాలను అందరి ముందు విప్పడం మంచిది కాదు. పాత కాగితంలో తాత పేరు కనిపించిందని నేడు పక్కవాడి గోడ మీదికి పోవడం అంతకన్నా మంచిది కాదు. హక్కు తేల్చవలసింది కోర్టు. ఇక్కడ తెలుసుకునేది వీధి చరిత్ర మాత్రమే.

పంచాయతీ ఆఫీసులోని పాత ఇంటిపన్ను రిజిస్టర్లు చెదల పాలు కాకముందే సర్పంచులు బీరువాకు ఎక్కించాలి. హైస్కూలు పిల్లల చేత వీధికొక నోటుపుస్తకం రాయించడం ఉపాధ్యాయులకు పెద్ద పని కాదు. పిల్లలు ముందుగా అడగవలసింది ఊళ్లో అందరికన్నా పెద్ద వయసు వారిని. వారు ఉండగానే ఆ పని జరగాలి.