రీలు ఎక్కిన హోటలుకి లైను కడతాం.. రోడ్డు మీద బండి లేపేస్తే ఎవులొస్తారు?

మా మేనల్లుడు ఒకడున్నాడు. డిగ్రీ అయిపోయింది, కానిస్టేబులు పరీక్షకి చదువుతున్నాడు. మొన్నొక శనివారం వచ్చి ఫోను నా మొహం ముందర పెట్టేడు.

"మావా, ఇది సూడు. రేపు ఎల్దుమేటి?"

చూసేను. జైలు మండీ. ఇనప ఊచల గదుల్లో కూర్చోబెడతారు, ఖైదీ బట్టలేసుకున్న కుర్రోళ్ళు పెద్ద పళ్ళెం తెచ్చి మధ్యలో పెడతారు. వీడియోలో ఒకడు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. ఉత్తరాంధ్రలో ఇలాంటి రుచి ఎక్కడా లేదంట. లక్షల మంది చూసేరు.

సరే, మేనల్లుడి ముచ్చట. ఎల్లేం. పట్టణం పేరు, హోటలు పేరు రాయను. నా గొడవ ఆ ఒక్క హోటలుతో కాదు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా హైవే పొడుగునా ఇలాంటివి ఇప్పుడు చాలానే ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం టోకెను తీసుకుంటే గంటన్నరకి పిలుపొచ్చింది. సోంపేట వేపు నుంచి, సాలూరు వేపు నుంచి బళ్ళేసుకుని వచ్చిన కుర్రోళ్ళున్నారు. అందరి చేతిలోనూ అదే రీలు. లోపలికెళ్ళి ఊచల వెనకాల కూకున్నాం. ఉద్యమాల్లో తిరిగిన రోజుల్లో ఒక రాత్రి నిజం లాకప్పులోనే ఉన్నాను. అక్కడ ఎవుడూ సెల్ఫీ దిగలేదు. ఆ మాటంటే మావాడు పకపకా నవ్వేడు.

తిండి బాగానే ఉంది, అబద్ధమాడను. మండీ యెమెన్ దేశపు వంట. నిజాం కాలంలో సైన్యంలో పని చేసిన అరబ్బుల వాళ్ళు హైదరాబాదు బార్కాస్‌లో స్థిరపడ్డారు. అక్కడి నుంచి ఈ వంట తెలుగునాడంతా పాకింది. ఒకే పళ్ళెంలో నలుగురు చేతులు పెట్టి తినడం మంచి పద్ధతే. కులం పేరు చెప్పి గ్లాసులు వేరు పెట్టిన ఊళ్ళ నుంచి వచ్చిన మనకి అది చిన్న సంగతి కాదు.

బిల్లొచ్చింది. తిండికి 640. కింద సర్వీసు ఛార్జి 32. ఆ పైన జీఎస్టీ. మొత్తం 700 దాటింది. "ఈ 32 తీసీండి" అన్నాను. కౌంటరు దగ్గరాయన ఒకసారి నా వేపు చూసి, మారు మాట్లాడకుండా తీసేసేడు. మావాడు ఆశ్చర్యపోయేడు. "అడిగితే తీసెత్తారేటి మావా?" అడిగితే తీస్తారు, ఎందుకంటే బలవంతంగా వేయకూడదు. సర్వీసు ఛార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది. హోటళ్ళ సంఘాలు కోర్టుకి వెళ్తే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ఇవ్వాలా వద్దా అన్నది తిన్నవాడి ఇష్టం. జీఎస్టీ వేరు, అది పన్ను. ఈ రెండింటినీ కలిపి చూసి మనోళ్ళు మోసపోతారు. తీయకపోతే 1915కి ఫోను చెయ్యొచ్చు.

అసలు కథ బయటికొచ్చేక మొదలైంది.

ఆ హోటలు ఎదురుగా రోడ్డు వారన ఒక అప్ప పునుకుల బండి ఉండేది. నేను ఆ పట్టణం ఎప్పుడెళ్ళినా సాయంత్రం అక్కడే తినీవోడిని. ప్లేటు 30 రూపాయలు, అల్లం పచ్చడి. ఆ రోజు బండి లేదు. ఆ చోట కార్లు ఆగున్నాయి. వెతుక్కుంటే రెండు వీధుల వెనక, మురుగు కాలవ పక్కన కనిపించింది. పొయ్యి వెలిగించి ఉంది, తినీవోళ్ళు లేరు.

"ఏటప్పా, ఇక్కడికొచ్చీసేవు?"

"ఆ హోటలుకి జనం ఎక్కువొత్తన్నారు తమ్మా. కార్లకి అడ్డమని లేపీసేరు. ఎవులో వచ్చి తియ్యమన్నారు, తీసీసేను. కాయితమూ లేదు, ఏటీ లేదు."

ఎన్నాళ్ళయిందని అడిగితే రెండు నెలలంది. బేరం సగం కూడా లేదంది. ఆ బండి మీదే కూతుర్ని ఇంటరు చదివిస్తోంది.

మేమిద్దరం తిని వచ్చిన పళ్ళేనికీ ఈ అప్ప పొయ్యికీ సంబంధం ఉందని మావాడికి అప్పుడు తెలిసింది. మాట్లాడలేదు. రెండు ప్లేట్లు పునుకులు కట్టించుకున్నాడు, కడుపు నిండా మండీ ఉన్నా.

ఇప్పుడు ఈ రీళ్ళ సంగతి కొంచెం విప్పి చెప్పుకుందాం.

మనం చూసే తిండి రీళ్ళలో కొన్ని నిజంగా నచ్చి తీసినవి. కొన్ని డబ్బు తీసుకుని తీసినవి. చూసేవాడికి ఏది ఏదో తెలీదు. తెలియాలనే 2023 జనవరి 20న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమాలు పెట్టింది. డబ్బు తీసుకున్నా, ఉచితంగా తిండి పెట్టించుకున్నా, ఇంకేదైనా లాభం పొందినా ఆ సంగతి చూసేవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. ప్రకటన అనో, స్పాన్సర్డ్ అనో. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. వీడియో అయితే వీడియోలోనే చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ఈసారి రీలు చూసినప్పుడు ఆ మాట ఉందో లేదో వెతకండి.

రీలుకి ఒక గుణముంది. అది అందరినీ చూపించదు, ఒకర్ని ఎత్తి పట్టుకుంటుంది. ఎన్నాళ్ళు పట్టుకుంటుందో దానికే తెలీదు. దీనికి రెండు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది మీకందరికీ తెలిసిందే. కుమారీ ఆంటీ. గుడివాడ వేపు నుంచి హైదరాబాదు వెళ్ళిన దాసరి సాయికుమారి, 2011 నుంచి మాదాపూర్ దగ్గర ఐటీసీ కోహినూర్ హోటలు వేపు రోడ్డు పక్కన అన్నం, కూరలు అమ్ముతోంది. అయిదు నక్షత్రాల హోటలు పక్కన ఆకలేసినోడికి అన్నం పెట్టే చోటది. ఏళ్ళ తరబడి ఆమె పేరు ఆ చుట్టుపక్కల తినేవాళ్ళకే తెలుసు. తర్వాత రీళ్ళు పడ్డాయి. రెండు లివర్ల మాట దేశమంతా తిరిగింది. తినడానికి వచ్చినోళ్ళ కంటే తీయడానికి వచ్చినోళ్ళు ఎక్కువయ్యేరు. ట్రాఫిక్ ఆగిపోయింది. 2024 జనవరి 30న పోలీసులు ఆమె అమ్మకం ఆపేసేరు. గొడవైంది, టీవీలకెక్కింది. మర్నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని, ఆమెని అక్కడే అమ్ముకోనివ్వమన్నారు.

అందరం సంతోషించేం. నేనూ సంతోషించేను. కానీ ఆ రోజే ఒక ప్రశ్న అడగాల్సింది, అడగలేదు. ముఖ్యమంత్రి దాకా వెళ్తే గాని ఒక ఆడమనిషి అన్నం అమ్ముకోలేదా? రీలు లేని బండికి ముఖ్యమంత్రి ఎక్కడ నుంచి వస్తాడు? మా పునుకుల అప్ప బండి లేపేసినప్పుడు ఏ టీవీ వచ్చింది?

రెండోది ఢిల్లీ మాల్వీయ నగర్‌లో బాబా కా ధాబా. 2020 అక్టోబరులో, కరోనాలో బేరాల్లేక ఏడుస్తున్న ముసలాయన వీడియో ఒకటి వచ్చింది. కాంతా ప్రసాద్ ఆయన పేరు. మర్నాటికి ఊరంతా లైను కట్టింది, విరాళాలు వచ్చేయి. డబ్బుల లెక్క దగ్గర ఆయనకీ వీడియో తీసినాయనకీ గొడవ పడింది, తర్వాత ఆయనే క్షమాపణ చెప్పేడు. ఆ డిసెంబరులో సొంత రెస్టారెంటు పెట్టేడు. ఖర్చుకి రాబడి చాలక 2021 ఫిబ్రవరిలో మూసేసి, మళ్ళీ పాత బండి దగ్గరికే వచ్చేడు. జనం దయ నిజమైనదే. కాని దయ మూడు నెలలుంటుంది, అద్దె ప్రతి నెలా వస్తుంది.

మరైతే ఏటుంది మనకి? చట్టముంది. పన్నెండేళ్ళ కిందటిది. వీధి వ్యాపారుల చట్టం, 2014. అంతకు ముందే 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, రోడ్డు పక్కన అమ్ముకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి హక్కులోదేనని, హద్దులు పెట్టొచ్చు గాని లేకుండా చేయకూడదని. ఆ హక్కుకి పద్ధతి కట్టింది ఈ చట్టం. అందులో ముఖ్యమైనవి చెప్తాను, గుర్తుపెట్టుకోండి.

పట్టణంలో ఉన్న వీధి వ్యాపారులందరినీ సర్వే చెయ్యాలి. సర్వే అయ్యి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ లేపకూడదు. ఎక్కడ అమ్మాలో తేల్చడానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం నూటికి 40 మంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. చోటు మార్చాలన్నా, ఖాళీ చేయించాలన్నా 30 రోజుల ముందు నోటీసివ్వాలి. సామాను పట్టుకుపోతే పట్టీ రాసివ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతాది రెండు పని దినాల్లో. అన్యాయం జరిగిందంటే వినడానికి, మాజీ జడ్జి అధ్యక్షుడిగా ఫిర్యాదుల కమిటీ ఉండాలి.

ఒక మాట దాచను. ఈ చట్టం పట్టణాల కోసం రాసింది. కార్పొరేషన్లు, మునిసిపాలిటీలు, నగర పంచాయతీలకి వర్తిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, ఆమదాలవలస, పలాస, బొబ్బిలి, రాజాం, ఇలాంటి చోట్ల పనికొస్తుంది. పల్లెటూరి జంక్షన్లో బండికి నేరుగా పనికిరాదు. అది వేరే పోరాటం.

ఇంకొకటి. ట్రాఫిక్ మాట అబద్ధమని నేననను. అంబులెన్సుకి దారి ఉండాలి. కానీ రోడ్డు ఇరుకైందంటే ఎవరి వల్ల ఇరుకైందో చూడాలి కదా. అప్ప బండి చాలా ఏళ్ళుగా అక్కడే ఉంది, అప్పుడు ఇరుకు లేదు. పార్కింగు లేని హోటలు వచ్చేకే ఇరుకైంది. కారుకి చోటు చూపించాల్సినోడు చూపించలేదు, బండికి చోటు పోయింది. నిజంగా తియ్యాల్సి వస్తే చట్టం దారి చూపించింది: నోటీసివ్వు, కమిటీలో మాట్లాడు, వేరే చోటు చూపించు. "తియ్యి" అని చేత్తో సైగ చేయడం ఆ దారిలో లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నేను హోటలుకి వెళ్ళొద్దని చెప్పడం లేదు. నేనే వెళ్ళేను, తిన్నాను, రేపు పిలిస్తే మళ్ళీ వెళ్తాను. ఆ హోటళ్ళలో పళ్ళేలు మోసేది కూడా మనూళ్ళ పిల్లలే. మాకు వడ్డించిన గుంటడిది కవిటి వేపు. వాడి ఖైదీ చొక్కా మీద నంబరుంది, పేరు లేదు. పేరడిగి, బాగున్నావురా అంటే మొహం వెలిగింది. అంతమాత్రం మనం చెయ్యగలం.

ఇంకొంచెం కూడా చెయ్యగలం. అందరి చేతిలో ఫోనుంది. రీలు తీయడం మీకు నాకంటే బాగా వచ్చు. మీ ఊరి సంతలో చోడంబలి అమ్మే ముసలమ్మని, బస్టాండు దగ్గర దోసెల బండిని తీయండి. కాని ముందు వాళ్ళని అడగండి, ఇష్టమేనా అని. కుమారీ ఆంటీకి ఏమైందో చూసేం కదా, జనం మీద పడితే మంచికి బదులు చెడు జరగొచ్చు. తీసే ముందు ఒక ప్రశ్న వెయ్యండి: "నీకు సర్టిఫికెట్టు ఉందా?" లేదంటే మునిసిపల్ ఆఫీసులో దరఖాస్తు రాయడానికి సాయం చెయ్యండి. సర్వే ఎప్పుడు చేసేరు, వెండింగ్ కమిటీలో ఎవరున్నారు అని సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో అడగండి. ఒక రీలుకి పట్టే టైములో ఆ కాయితం రాసెయ్యొచ్చు.

పునుకుల అప్పకి మేము అదే చేసేం. సోమవారం మావాడే కూకుని దరఖాస్తు రాసేడు. ఎన్నేళ్ళుగా ఎక్కడ అమ్ముతోందో, ఏ నెలలో నోటీసు లేకుండా లేపేసేరో, 2014 చట్టం ఏం చెప్తోందో. రెండు కాపీలు. అప్ప వేలిముద్ర వేస్తానంటే, ఆమె కూతురు పట్టుబట్టి సంతకం పెట్టించింది. ఆఫీసులో ముందు తీసుకోమన్నారు. తీసుకోనని రాసివ్వండి అన్నాం. అప్పుడు తీసుకుని, రెండో కాపీ మీద స్టాంపేసి తేదీ వేసేరు.

బండి ఇంకా కాలవ పక్కనే ఉంది. జవాబు రాలేదు. వచ్చే వారం మళ్ళీ ఎల్తాం. ఆ స్టాంపు కాయితాన్ని అప్ప ప్లాస్టిక్ కవర్లో పెట్టి, డబ్బుల డబ్బాలో అడుగున దాచింది. ఇన్నేళ్ళలో ఆ బండికి ఉన్న మొదటి కాయితం అదే.