అన్ని దగ్గులూ టీబీ కావు

ముక్తేశ్వరం రేవు చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా కొబ్బరి చెట్ల కింద వలిచి పడేసిన డొక్కలు, పశువుల పాక పక్కన గడ్డిమేటు, దొడ్డి చివర పెంటపోగు కనిపిస్తాయి. వానకు తడిసి ఆరిన మేటులోంచి గడ్డి లాగితే లోపల నల్లబడిన పొరలు, వాటిమీద బూడిద పచ్చ రంగు బూజు ఉంటాయి. కదపగానే సన్నటి దుమ్ము లేస్తుంది. అందులో లెక్కలేనన్ని శిలీంధ్ర బీజాలు. వాటిలో ఆస్పర్‌జిల్లస్ జాతి బీజాలు 2, 3 మైక్రాన్ల సైజులోనే ఉంటాయి కాబట్టి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి.

వాటిని మనమంతా రోజూ పీలుస్తూనే ఉంటాం, అయినా జబ్బు పడం. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు మనల్ని కాపాడతాయి. వీటిలోని ఒక ఎంజైము ఆక్సిజన్‌ను సూపరాక్సైడ్‌గా మారుస్తుంది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది. ఆస్పత్రిలో పుండు మీద పోయగానే నురగలు కక్కే మందు ఇదే. శిలీంధ్రాన్ని చంపడంలో ఈ రసాయన చర్యది కీలక పాత్ర.

కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైము సరిగా పనిచేయదు. కణాలు సరిపడా ఉంటాయి, శిలీంధ్రాన్ని చుట్టుముడతాయి, కానీ చంపలేవు. ఈ జబ్బు పేరు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్, క్లుప్తంగా సీజీడీ. 1950లలో దీన్ని గుర్తించినప్పుడు పిల్లల ప్రాణం తీసే జబ్బనే అనుకున్నారు. మందులు మెరుగుపడ్డాక వీళ్లు పెద్దవాళ్లవుతున్నారు. ఎంజైము కొద్దిగానైనా పనిచేసేవారిలో జబ్బు ముప్ఫై, నలభై ఏళ్లకు బయటపడడమూ ఉంది. అలాంటప్పుడు ఊపిరితిత్తుల్లో చేరిన శిలీంధ్రమే తొలి ఆనవాలు కావచ్చు.

2021లో మనల్ని హడలెత్తించిన బ్లాక్ ఫంగస్ వేరు. అది ఎక్కువగా అదుపు తప్పిన షుగరు, స్టెరాయిడ్ల వాడకం వల్ల వచ్చింది. సీజీడీ జన్యువుల్లోంచి వస్తుంది. ఒక రకంలో లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, తల్లి నుంచి కొడుకులకు వస్తుంది. దీనికి మేనరికంతో సంబంధం లేదు. మిగతా రకాల్లో తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందాలి. మేనరికాలున్న కుటుంబాల్లో ఆ అవకాశం పెరుగుతుంది.

మన దగ్గర పెద్ద చిక్కు టీబీతో వస్తుంది. దగ్గు, నీరసం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చలు రెండింటిలోనూ ఉంటాయి. ముక్క తీసి పరీక్షిస్తే కనిపించే గ్రాన్యులోమాలనే కణాల ముద్దలూ రెండింటిలోనూ ఉంటాయి. సీజీడీలో శిలీంధ్రం చప్పుడు చేయకుండా, ఒక్కోసారి జ్వరం కూడా లేకుండా పాకుతుంది. పక్కటెముకల్లోకి, వెన్నుపూసలోకి చేరుతుంది. దీనికి భిన్నంగా, కుళ్లిన ఆకులు, గడ్డి ఎత్తిపోసిన కొద్ది రోజుల్లోనే రెండు ఊపిరితిత్తులూ వాచి ఊపిరాడని స్థితికి చేరిన సీజీడీ రోగుల గురించి అమెరికా వైద్యులు 2007లో రాశారు. అప్పుడు శిలీంధ్రాన్ని చంపే మందుతో పాటు వాపు తగ్గించే స్టెరాయిడ్లు కూడా అవసరమవుతాయి.

నిర్ధారణకు కొద్దిపాటి రక్తం చాలు. పాత పద్ధతిలో కణాలకు ఎన్‌బీటీ అనే పసుపు రంగు ద్రవం కలుపుతారు. మైక్రోస్కోపు కింద ఆరోగ్యవంతుల కణాలు ముదురు నీలంగా మారి కనిపిస్తాయి, సీజీడీ రోగివి మారవు. ఇప్పుడు ఎక్కువగా చేసే డీహెచ్‌ఆర్ పరీక్ష ఇంకా కచ్చితమైనది.

జబ్బు తేలితే దారి ఉంది. 39 మంది సీజీడీ రోగులపై జరిగి 2003లో వెలువడిన అధ్యయనంలో, ఇట్రాకొనజోల్ అనే శిలీంధ్ర నిరోధక మందు వాడిన కాలంలో తీవ్రమైన శిలీంధ్ర వ్యాధి ఒక్కరికే వచ్చింది. మందులేని మాత్ర వాడిన కాలంలో ఏడుగురికి వచ్చింది. మూలుగ మార్పిడితో జబ్బు పూర్తిగా నయం కావచ్చు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో సీజీడీ ఉంది. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం అందే వీలుంది. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అలాంటి కేంద్రాన్ని నడుపుతున్నాయి.

గడ్డిమేటు చూసి అందరూ భయపడనక్కర్లేదు. సీజీడీ ఉన్నవాళ్లు మాత్రం బూజుగడ్డికి, పెంటపోగుకు దూరంగా ఉండాలి. టీబీ మందులు సక్రమంగా వాడినా తగ్గకపోయినా, చిన్నప్పటి నుంచి గడ్డలు, న్యుమోనియా పదేపదే వస్తున్నా, ఇంట్లో మగపిల్లలు ఇన్‌ఫెక్షన్లతో పోయిన చరిత్ర ఉన్నా ఆ సంగతి దాచకుండా డాక్టరుకు చెప్పండి. సీజీడీ పరీక్ష అవసరమేమో అడగండి.