ఎముక విరగలేదు... చెయ్యి లేవదు!

ఎక్స్‌రేలో ఎముకలన్నీ సవ్యంగానే ఉన్నాయి. గాయాలూ మానాయి. చెయ్యి మాత్రం భుజం నుంచి వేలాడుతూనే ఉంది. రోడ్డు ప్రమాదాల తర్వాత కొందరికి ఎదురయ్యే పరిస్థితి ఇది.

మెడ దగ్గర వెన్నుపాము నుంచి వచ్చే ఐదు నరాలు జడలా అల్లుకుని చేతికి కదలికనూ స్పర్శనూ ఇస్తాయి. దీన్నే బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. కారు గుద్దినప్పుడో, బైకు మీంచి ఎగిరిపడ్డప్పుడో తల ఒకవైపు, భుజం మరోవైపు లాగేస్తే ఆ నరాలు సాగుతాయి, తెగుతాయి, ఒక్కోసారి వెన్నుపాము దగ్గరే ఊడిపోతాయి.

కాస్త సాగిన నరం చాలావరకు తనే కోలుకుంటుంది. తెగితే ఆపరేషన్ చేయాల్సిందే. అసలు చిక్కంతా ఇక్కడే! అతికించిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది. భుజం నుంచి కండరాన్ని చేరేసరికి నెలలు పడుతుంది. ఈలోగా ఆ కండరం ఎండిపోతుంటుంది. ఏడాదిన్నర దాటితే నరం చేరినా పలకడం కష్టం. అందుకే ఆపరేషన్ ఆర్నెల్లలోపే జరగాలంటారు.

నారాయణఖేడ్ దగ్గరి సిర్గాపూర్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైమాటే. 'విరగలేదుగా, అదే వస్తుందిలే' అని కట్టు కట్టించుకుని కూర్చుంటే కరిగిపోయేది ఆ ఆర్నెల్లే. మూడు నాలుగు వారాలైనా కదలిక లేకపోతే నరాల పరీక్ష, ఎమ్మారై చేయించాలి.

దగ్గరి దారీ ఉంది. ఫ్రాన్స్ సర్జన్ ఒబెర్లిన్ బృందం 1994లో వెల్లడించిన పద్ధతిలో, చిటికెన వేలి వైపు వెళ్లే నరంలోంచి ఒక పోగును మోచేతిని మడిచే కండరానికి కలుపుతారు. వేళ్లు కదులుతున్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

అప్పటిదాకా కీళ్లు బిగుసుకోకుండా రోజూ రెండో చేత్తో కదిలిస్తుండాలి. స్పర్శ లేని చేతికి వేడి తెలియదు... పొయ్యి దగ్గర మరీ జాగ్రత్త.