ఒడ్డుకొచ్చే చేపలు

న్యూఫౌండ్‌లాండ్ చూడాలంటే జూన్ చివరో, జూలైలోనో వెళ్లండి. సెయింట్ జాన్స్ దగ్గరి మిడిల్ కోవ్‌లో గులకరాళ్ల మీద గుడ్లు పెట్టడానికి కేప్లిన్ చేపలు అలలతో కొట్టుకొస్తాయి. జానెడుకు లోపే, వెండిలా మెరుస్తుంటాయి. జనం బకెట్లతో వచ్చి పట్టుకుంటారు. వాటి వెనకే హంప్‌బ్యాక్ తిమింగలాలు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి. విట్‌లెస్ బే దీవుల్లో పఫిన్ పక్షులు పిల్లలకు పెట్టేదీ ఈ చేపనే. కాడ్ చేపకూ ఇదే తిండి. ఆ కాడ్ తరిగిపోయి 1992 జూలైలో వేట ఆపేస్తే, దాదాపు 30,000 మందికి పని పోయింది. నిషేధం ఎత్తేసింది 2024లో.

కేప్లిన్‌ని మన నెత్తళ్లలాగే ఉప్పు, పసుపు, కారం పట్టించి వేయించండి. గుడ్లున్నవైతే మరీ రుచి. పులుసు కన్నా వేపుడే మేలు, నా మటుకు. ఒక పూటకు సరిపడా తెచ్చుకుంటే చాలు, అవతల తిమింగలం కాచుక్కూర్చుంది!