మర్రినీడలో ముడి చిత్రం

హౌరా జిల్లాలో, హుగ్లీనది పడమటి ఒడ్డున ఉన్న షాలిమార్ రైల్వేస్టేషను తెలుగు ప్రయాణికులకు కొత్త కాదు. రాజమహేంద్రవరం, విశాఖపట్నం మీదుగా నడిచే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు అక్కడికే చేరుతున్నది. స్టేషనుకు కొద్ది దూరంలో, 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ నెలకొల్పిన వృక్షశాస్త్రోద్యానం ఉన్నది. 2009 నుండి అది ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు ధరించింది. అందులోని మహావటవృక్షం వేలాది ఊడలతో చిన్న అడవివలె వ్యాపించి ఉన్నది.

ఈ చెట్టును ఫోటో తీయబోయినవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. కొమ్మల సందులలో ఆకాశం కళ్లు చెదిరేటంత తెలుపు. ఊడల నడుమ మధ్యాహ్నవేళ సైతం చీకటి. మానవనేత్రం ఆ రెంటికీ సర్దుకొని చూడగలదు. కెమేరాకు అంత నేర్పు లేదు. సాధారణంగా డిజిటల్ కెమేరా తానే రంగులు నిర్ణయించి, మెరుగులు దిద్ది, 'జేపెగ్' అనే కుదించిన చిత్రాన్ని అందిస్తుంది. అందులో ఒక్కొక్క రంగుకు 256 అంతరువులే మిగులుతాయి. తక్కిన సమాచారాన్ని కెమేరా పారవేసి ఉంటుంది. దానిని తిరిగి రాబట్టడం అసాధ్యం.

అట్లా పారవేయకుండా, కెమేరాలోని గ్రాహకంపై పడిన వెలుగు కొలతలను యథాతథంగా భద్రపరచినదే ముడి చిత్రం, అనగా 'రా' ఫైలు. ఇందులో పద్నాలుగు బిట్ల లెక్కన 16,384 అంతరువులుంటాయి. అయితే దీనిని చిత్రమనడం కొంత సాహసమే. గ్రాహకంలోని ఒక్కొక్క గడి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులలో ఒక్కదానినే కొలుస్తుంది. కోడాక్ సంస్థలో బ్రైస్ బేయర్ రూపొందించి, 1976లో పేటెంటు పొందిన అమరిక ప్రకారం గడులలో సగం ఆకుపచ్చవి, పావు వంతు ఎరుపువి, పావు వంతు నీలివి. మన కంటికి ఆకుపచ్చ వెలుగులో సూక్ష్మభేదాలు బాగా తెలుస్తాయి కనుక ఆ ఏర్పాటు. లోపించిన రంగులను ఇరుగుపొరుగు గడుల నుండి ఊహించి పూరించడం ఇంటి కంప్యూటరు చేసే మొదటి పని.

ఇక్కడ ఒక విషయం తరచుగా విస్మరింపబడుతున్నది. ఆ 16,384 అంతరువులూ వెలుగునీడలకు సమానంగా పంచబడవు. అత్యంత ప్రకాశవంతమైన మెట్టుకే వాటిలో సగం, అంటే 8,192 దక్కుతాయి. వెలుగు సగానికి తగ్గినప్పుడల్లా అంతరువులూ సగమవుతాయి. ఏడవ మెట్టుకు 128 మాత్రమే మిగులుతాయి. ఊడల నీడ ఆ అడుగు మెట్లలోనే ఉంటుంది. ఇంటికి వచ్చి కంప్యూటరులో ఆ నీడను బలవంతంగా పైకి లేపితే, బెరడు గీతలతోపాటు ఇసుక చల్లినట్లు రంగురంగుల చుక్కలు బయటపడతాయి. అందుచేత అనుభవజ్ఞులు చిత్రం తీసేటప్పుడే, ఆకాశం పూర్తిగా తెల్లబడిపోని హద్దు వరకు ఎక్కువ వెలుగును గ్రహిస్తారు. హద్దు దాటితే ఏ సాధనమూ రక్షించలేదు.

తరువాతిది రంగుల సవరణ. మర్రిఆకుల గుండా వడకట్టబడిన వెలుగు పచ్చగా ఉంటుంది. దాని క్రింద తెల్లకాగితం సైతం పచ్చదనం పులుముకుంటుంది. బూడిదరంగు అట్టను ఒక చిత్రంలో పట్టి ఉంచితే దాని ఆధారంగా మిగిలిన చిత్రాలను సరిచేయవచ్చు. వృక్షశాస్త్ర విద్యార్థికి ఇది అలంకారం కాదు. ఆకు రంగు తప్పితే నమోదే తప్పిపోతుంది. ఈ ఉద్యానానికి 1793లో అధిపతిగా వచ్చిన విలియం రాక్స్‌బరో అంతకుముందు సామర్లకోటలో ఉన్నప్పుడు భారతీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించాడు. తన గ్రంథాలలో మొక్కల తెలుగు పేర్లు సైతం నమోదు చేశాడు. 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే ఆయన గ్రంథంలో 300 చిత్రపటాలున్నాయి. ఆ చిత్రకారుల కంటికి ఉన్న బాధ్యతే ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చున్నవారిది.

ఈ పనికి ఖరీదైన సాధనాలు అక్కరలేదు. డార్క్‌టేబుల్, రా థెరపీ వంటివి ఉచితంగా లభిస్తున్నాయి. కంపెనీకి ఒక తీరుగా ఉండే ముడి ఫైళ్లను తెరవడానికి డేవ్ కాఫిన్ 1997లో ప్రారంభించిన 'డీసీరా' అనే చిన్న ప్రోగ్రాము ఎన్నో సాధనాలకు దారి చూపింది. ఈ సాధనాలు మూలాన్ని ముట్టుకోవు. చేసిన సవరణలను విడిగా వ్రాసుకుంటాయి. పూర్వం ఫిలిం నెగెటివు ఎట్లాంటిదో ముడి ఫైలు అట్లాంటిది. ఒక్కొక్కటి ఇరవై, ముప్ఫై మెగాబైట్ల చోటు ఆక్రమిస్తుందని విసుగుతో చెరిపివేసేవారున్నారు. రెండవ ప్రతిని వేరొక డిస్కులో ఉంచడం మేలు. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి దశకు చేరిన చిత్రాలకు మూల ఫైళ్లను అడిగి, సవరణ ఎక్కడ ఆగిందో పరీక్షిస్తారు.

వెలుగును సవరించడం వేరు, వస్తువును మార్చడం వేరు. 1864, 1867 తుఫానులకు దెబ్బతిని, పిమ్మట శిలీంధ్రం సోకిన మహావటపు మూలకాండాన్ని 1925లో తొలగించారు. నేడు చెట్టు ఊడల మీదనే నిలిచి ఉన్నది. నడుమ ఖాళీ వెలితిగా కనిపిస్తున్నదని పక్కనున్న ఊడను నకలు చేసి అక్కడ అతికించడం కంప్యూటరుకు క్షణంలో పని. మూల ఫైలులో మాత్రం ఆ ఖాళీ అట్లాగే ఉంటుంది.